తల్లిదండ్రుల భయము - భగవద్విశ్వాసము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి తిరుమలకు వచ్చు యాత్రికులలో సైనికుల తల్లిదండ్రులును కలరు. వాననే నమ్ముకొన్న ఈ మెట్టసీమకు వలస క్రొత్త కాదు. కుప్పములో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో పని చేసి చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరువారు కొందరు; అక్కడనే కాపురము పెట్టినవారు కొందరు; గల్ఫు దేశములకు పోయినవారు కొందరు. అట్టి ఇండ్లలో పెద్దలు పొట్టకూటికై ఒక దిక్కున నుండగా, పిల్లవాడు సైన్యములో చేరి వేరొక దిక్కున నుండును. కొండపై తలనీలాలు సమర్పించునప్పుడు ఆ తల్లి కోరునది ఒక్కటే: బిడ్డ క్షేమముగా ఇంటికి రావలెను.

ఇక్కడ ఒక ధర్మసందేహము కలదు. సర్వరక్షకుడగు శ్రీనివాసుని పాదములు పట్టిన తరువాతను, అపరాత్రి ఫోను మ్రోగగానే గుండె ఝల్లుమనుట విశ్వాసలోపమా? దేశరక్షణకు వెళ్ళినవానిని తిరిగి నాకిమ్మని అడుగుట స్వార్థమా? "స్వామికి అప్పగించితిరి గదా, ఇంక చింత ఏల?" అని ఉపదేశించు ఇరుగుపొరుగు వారికి కొదువ లేదు. సాధారణముగా అట్లు చెప్పువారి ఇంటినుండి ఎవ్వరును సరిహద్దునకు పోయియుండరు!

ఆ భయము ఉత్తుత్తి భయము కాదు. 2021 డిసెంబరు 8న కూనూరు చెంత జనరల్ బిపిన్ రావత్ ప్రయాణించిన హెలికాప్టరు కూలినప్పుడు ఆయనతోపాటు మరణించిన లాన్స్ నాయక్ సాయితేజ మదనపల్లెకు సమీపమున ఉన్న కురబలకోట మండలమువాడు. దేహమును గుర్తించుటకే కొన్ని దినములు పట్టెను. 2025 మే నెలలో నియంత్రణరేఖకడ పాకిస్తాను కాల్పులలో నేలకొరిగిన మురళీ నాయక్ గోరంట్ల మండలములోని కళ్ళితండా బిడ్డ. ఊరు విడిచి ముంబైలో కూలిపని చేసిన తల్లిదండ్రులకు అతడు ఒక్కగానొక్క కుమారుడు. అగ్నివీరుడుగా సైన్యమున చేరినవాడు.

వలసపోయిన తండ్రి, ఆపదకు ఎదురేగిన కుమారుడు. ఈ కథ మన భాగవతములోనే కలదు. నందగోపుడు వలసవచ్చినవాడే. పూతన, శకటుడు, తృణావర్తుడు ఒకరి వెనుక ఒకరుగా వచ్చిరి. పిదప మద్దిచెట్లు కూలెను. అప్పుడు ఉపనందుడు మొదలైన పెద్దలు ఆలోచించి, పిల్లలకు ఈ చోటు క్షేమము గాదని బండ్లు కట్టించి బృందావనమునకు తరలిరి. బిడ్డ కొరకే ఊరు విడిచిరి. విడిచినందువలన ఏమి లాభము? అక్రూరుని రథము బృందావనమునకే వచ్చెను. కంసవధానంతరము కృష్ణుడు మథురలోనే నిలిచిపోయెను. నందుడు కన్నీటితో కుమారులు లేకయే ఇంటికి మరలెను. తన ఒడిలో పెరిగినవాడు జగన్నాథుడని నందునికి తెలియదనుకొందము. తెలిసినవారి మాట ఏమి?

దానికి పెరియాళ్వారు చరితమే సమాధానము. ఆముక్తమాల్యద మూలముగా తెలుగువారికి విష్ణుచిత్తుడుగా సుపరిచితుడైన ఆ మహనీయుడు పాండ్యసభలో పరతత్త్వనిర్ణయము చేసి గెలిచినవాడు. నారాయణుడే సర్వరక్షకుడని అతనికంటె గట్టిగా ఎరిగినవారెవరు? అయినను మదురవీధిలో ఏనుగుపై ఊరేగుచుండగా స్వామి గరుడారూఢుడై సాక్షాత్కరించినంతనే వరములు కోరుట మరచి, ఇంత సౌందర్యమునకు ఏ దృష్టి తగులునోయని కలతపడి, ఏనుగు గంటలనే తాళములుగా చేసికొని పల్లాండు పాడెను. రక్షకునికే రక్ష కట్టెను. ఇది అజ్ఞానమని మన పూర్వాచార్యులు అనలేదు. ప్రేమ జ్ఞానమును మించి పొంగిన స్థితి యనిరి. అందుచేతనే ఆయనను పెద్ద ఆళ్వారనిరి. ఉరంగావిల్లి దాసరు మల్లుడు, రాజుకొలువున ఆయుధము పట్టినవాడు. అట్టివాడు శ్రీరంగనాథుని ఊరేగింపులో కత్తి దూసి ముందు నడచెడివాడు, స్వామికి ఏమి ఆపద వచ్చునోయని! భగవంతుని విషయముననే ఇంత భయము శ్లాఘ్యమైనప్పుడు, కడుపున పుట్టిన మానవమాత్రుని విషయమున తల్లి భయపడుటను అవిశ్వాసమని ఏ నోటితో అందుము?

సైన్యములో చేరువారిలో పెక్కుమంది జీతము కొరకు చేరుచున్నారని, అందు త్యాగమేమున్నదని తేలికగా మాటాడువారు కలరు. చేనికి నీరు లేనివాడు జీతము కోరుట తప్పు కాదు. పల్లాండులో ఆళ్వారు కేవలభక్తులనే పిలువలేదు. ఐశ్వర్యము కోరువారిని సైతము తనతో కూడి మంగళము పాడరమ్మనెను.

వలస దేశాంతరమైనచో చిక్కు మరియొక రీతిగా ఉండును. ఇంజనీరింగు చదువుకై హైదరాబాదునుండి అమెరికా వెళ్ళిన తండ్రికి అక్కడ జన్మించిన రాజాచారి, ఆ దేశపు వైమానికదళములో చేరి ఇరాకు యుద్ధమున విమానము నడిపి, 2021 నవంబరులో అంతరిక్షకేంద్రమునకు వెళ్ళిన వ్యోమనౌకకు నాయకత్వము వహించెను. తండ్రి పుట్టిన నేల ఒకటి, కుమారుడు ప్రతిజ్ఞ చేసిన జెండా వేరొకటి. అట్టి ఇంట దేవునియెదుట ఏ దేశపు జయము కోరవలెను? పుత్రుని క్షేమము, అతడు చేపట్టిన పనిలో అధర్మము లేకుండుట కోరిన చాలునని నా భావము. జయాపజయములు కోరుట తల్లిదండ్రుల వంతు కాదు.

ఇక "కుమారుని దేశమునకిచ్చిరి" అను మాట. విశ్వామిత్రుడు యాచించినప్పుడు దశరథుడంతటివాడు మొదట ఈయలేదు. పదునారేండ్లయినను నిండలేదనెను, సేనతో తానే వత్తుననెను. వసిష్ఠుడు నచ్చచెప్పిన పిమ్మట గాని మనసు చిక్కబట్టుకొనలేదు. ఇచ్చితిమని చెప్పుకొను హక్కు తల్లిదండ్రులది మాత్రమే. మనము పూలమాలతో వారి వాకిట నిలిచి, "మీరు ధన్యులు, ఏడువరాదు" అని చెప్పుట మర్యాద కాదు. బిడ్డను కోల్పోయిన ఇంట మౌనముగా కూర్చుండి, పింఛను కాగితములు వ్రాసిపెట్టి, కార్యాలయమునకు తోడు వెళ్ళుట మేలు.

నందయశోదలు కృష్ణుని మరల చూచినది చాల ఏండ్లకు, సూర్యగ్రహణమునాడు కురుక్షేత్రమున. అప్పటికి ఆయన ద్వారకాధీశుడు. బలరామకృష్ణులకు గొంతు గద్గదమై మాట పెగలలేదట. ఆ వృద్ధదంపతులు వారిని ఒడిలో కూర్చుండబెట్టుకొనిరి.