కూర్చోడానికి ఒక చోటు

తెలుగులో "తాగుదాం" అని నేరుగా అనేవాళ్ళు తక్కువ. కూర్చుందాం అంటారు. "ఇవాళ సిట్టింగుందా?" అని ఎవరైనా అడిగితే అది కుర్చీల గురించి కాదని ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా మాకవరపాలెం వైపు అదే "ఎక్కడ కూకుందాం మావా?" అవుతుంది. ఈ మాట సిగ్గుతో పుట్టిందే అయ్యుండొచ్చు గానీ అందులో ఒక నిజముంది. మందు ఎక్కడైనా దొరుకుతుంది, కూర్చోడానికి చోటు దొరకడమే కష్టం.

విశాఖపట్నంలో ఉంటున్నందుకు, మాకవరపాలెం నుంచీ నర్సీపట్నం నుంచీ ఉద్యోగాలకొచ్చిన కుర్రాళ్ళు ఈ ప్రశ్న నన్ను అడుగుతుంటారు. జేబులో ఎంతుందో చెబితే ఎక్కడికెళ్ళాలో చెప్పగలను. వైన్ షాపు పక్క సందులో, ప్లాస్టిక్ గ్లాసూ నీళ్ళ ప్యాకెట్టూ కొనుక్కుని నిలబడి తాగేసి వెళ్ళిపోవడం ఒకటి. కింద మామూలు గది, మెట్లెక్కితే ఏసీ గది ఉండే బారు ఇంకోటి. బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే హోటల్ డాబాలు ఉండనే ఉన్నాయి. అక్కడ మెనూలో ధరలు చూశాక, పెట్టిన డబ్బు రాబట్టుకోడానికైనా సముద్రాన్ని ఇంకాస్త సేపు చూడాలనిపిస్తుంది.

సందులో దొరికేదీ డాబా మీద దొరికేదీ ఒకే కంపెనీ విస్కీ కావొచ్చు. కాలేయానికి తేడా తెలీదు. సీసా ధర మీద బారువాడు వేసుకునే అదనానికి మనకొచ్చేవి కుర్చీ, మసక వెలుతురు, వేయించిన జీడిపప్పు, వీటితోపాటు ఒక మంచి పేరు. కుర్చీలో కూర్చున్నవాడు సోషల్ డ్రింకర్. గోడకానుకుని నిలబడ్డవాడు తాగుబోతు. బహిరంగంగా తాగితే పోలీసులు కేసు పెట్టొచ్చు కాబట్టి, కుర్చీకి డబ్బుల్లేనివాడు తాగుబోతుతోపాటు నేరస్తుడు కూడా అవుతాడు. ఇద్దరూ తూలుతూనే బయటికొస్తారు. ఒకడికి సెక్యూరిటీ గార్డు క్యాబ్ తలుపు తీస్తాడు, ఇంకొకడి రెక్క కానిస్టేబుల్ పట్టుకుంటాడు. మన నైతిక తీర్పుల్లో ఇంత భాగం ఫర్నిచర్‌ని బట్టి ఉండటం నాకెప్పుడూ మింగుడుపడదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 1న మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. వాటి పక్కనుండే పర్మిట్ రూములు మూతపడ్డాయి. పర్మిట్ రూమంటే గొప్ప చోటేమీ కాదు. నాలుగు బల్లలు, మూలన చేతులు కడుక్కునే కుళాయి, వాసన. అయినా తలమీద కప్పున్న చోటు. అది పోయాక మా వైపు తాగేవాళ్ళెవరూ మానలేదు. జీడితోటల్లోకీ, చెరుకు చేల గట్ల మీదకీ, కల్వర్టుల కిందకీ వెళ్ళారు. పొద్దున్నే జీడిగింజలు ఏరడానికి తోటలోకి వెళ్ళే ఆడవాళ్ళు, ఆకుల కింద గాజుపెంకులున్నాయేమో చూసుకుంటూ అడుగు వెయ్యడం అలవాటు చేసుకున్నారు. రాత్రి సీసా పగలగొట్టినవాడెవడో వాళ్ళకి తెలీదు. వాడికి వీళ్ళు అసలే తెలీదు. 2024 అక్టోబరులో ఆ విధానం పోయి మళ్ళీ ప్రైవేటు దుకాణాలొచ్చాయి. పెంకులు తోటల్లోనే ఉన్నాయి.

అలాగని అందరికీ కుర్చీలు వేయించేస్తే సరిపోతుందా? ఆ మాట అనేముందు నర్సీపట్నం దాటి కొంచెం కొండల వైపు చూడాలి. మన్యంలో కల్లు మీద చిగురుపన్ను వేశారు. ఆపైన మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ చట్టం, ఇంటి అవసరానికి కూడా కల్లు తీసుకోకూడదనీ ఆ హక్కు కాంట్రాక్టరుదనీ అంది. 1879 మార్చిలో మొదలైన రంప తిరుగుబాటుకి కారణాల్లో ఇదొకటి. ఆ తిరుగుబాటు త్వరలోనే మా పక్క గొలుగొండ కొండలకి కూడా పాకింది. తన చెట్టు కింద తను కూర్చుని తాగడం అంత విలువైన హక్కా అంటే, అవును, కొందరికి అయింది. నలభై మూడేళ్ళ తర్వాత అవే కొండల్లో అల్లూరి సీతారామరాజు జనాన్ని తాగుడు మానమన్నాడు, కోర్టులకి పోకుండా తగువులు పంచాయతీల్లో తీర్చుకోమన్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది ఆ మాట విన్నవాళ్ళతోనే. తాతలు కల్లు కోసం ఎవరి మీద తిరగబడ్డారో, మనవలు కల్లు మానమన్న మనిషి వెంట అదే ప్రభుత్వం మీద తిరగబడ్డారు.

నాకిందులో వైరుధ్యం కనపడదు. తాగాలా వద్దా అన్నది తాగేవాళ్ళూ వాళ్ళతో కలిసి బతికేవాళ్ళూ తేల్చుకోవాలి. దూరంగా కూర్చుని వేలంలో పాట పాడుకున్నవాడు కాదు. రెండుసార్లూ కొండ మనుషులు అడిగింది ఇదేనని నాకనిపిస్తుంది.

ఎనభైల్లో "వారుణివాహిని" పేరుతో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో పంపిణీ చేసింది. చోటుతో పనిలేకుండా చేసిన కనిపెట్టుడు అది. చెట్టు దగ్గరకీ దుకాణం దగ్గరకీ వెళ్ళక్కర్లేదు, జేబులో పెట్టుకుంటే చేలోకీ, మంచం దగ్గరకీ వచ్చేస్తుంది. దానికి జవాబు నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వచ్చింది. అక్షరాస్యత తరగతుల్లో కలుసుకున్న ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం, 1997కల్లా నిషేధం ఎత్తివేత. ఈ వరస చెప్పి "చూశారా, నిషేధాలు పనిచెయ్యవు" అనేయడం తాగేవాళ్ళకి హాయిగా ఉంటుంది. నన్ను ఆపే సంగతి వేరు. ఊళ్ళో తాగుడు ఖర్చంతా మోసిన మనుషులకి ఊళ్ళో తాగే చోట కాలుపెట్టే దారే లేదు. పెట్టినప్పుడు మూయించడానికే పెట్టారు. ఇంకెలా రాగలరు?

కన్యాశుల్కంలో సారా దుకాణం గుర్తుందా? బైరాగి, హవల్దారు చేరి తాగుతూ వేదాంతం విప్పే చోటు. తెలుగు సాహిత్యంలో అంత సందడైన తాగే చోటు ఇంకోటి నాకు తోచదు. రాసిన గురజాడ పుట్టింది ఇప్పటి మా అనకాపల్లి జిల్లాలోనే, ఎస్.రాయవరంలో. ఆ దుకాణంలో కులం కొంచెం సడలుతుంది, మతం కొంచెం సడలుతుంది, హాస్యానికైతే కొదవే లేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ రాత్రి ఎవరు మేలుకుని ఉన్నారో మాత్రం మనం అడగం.

జార్జ్ ఆర్వెల్ అడిగాడు, తనదైన పద్ధతిలో. 1946లో ఒక లండన్ పత్రికకి తనకిష్టమైన పబ్ గురించి రాశాడు. బీరు బావుంటుంది, రేడియో మోత లేదు, అక్కడ పనిచేసే ఆడవాళ్ళకి వచ్చేవాళ్ళలో చాలామంది పేర్లు తెలుసు, వెనక తోట ఉంది. తోట వల్ల అసలు లాభం ఏమిటంటే నాన్న ఒక్కడే వెళ్ళి అమ్మ పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోవాల్సిన పని లేకుండా కుటుంబమంతా రావొచ్చు అంటాడు. అంతా చెప్పి, అలాంటి పబ్ లేనేలేదని ఒప్పుకుంటాడు. ఇంత మామూలు కోరిక ఊహల్లో తప్ప దొరకలేదన్నది నాకు బీరు సంగతి కంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

మా ఆఫీసులో ఒకమ్మాయి, తనదీ నర్సీపట్నం వైపే, "ఎక్కడ కూర్చుందాం?" అన్నప్పుడు లెక్కలు వేరు. బాత్రూముకి గడియ ఉందా, పక్క టేబుల్ వాడు ఫోన్ ఎత్తి ఫోటో తీస్తాడా, హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు, క్యాబ్ డ్రైవర్‌కి వాసన తెలుస్తుందా. ఇవన్నీ దాటాక మిగిలేవి రెండో మూడో చోట్లు, అన్నీ ఖరీదైనవే. అయినా తనకి నగరం ఇచ్చిన గొప్ప వరం అదే అంటుంది. ఇక్కడ ఎవరూ "నువ్వు ఫలానా వాళ్ళ అమ్మాయివి కదూ" అనరు. ఊళ్ళో ఆ ఒక్క మాట చాలు, బతుకంతా దానికింద సర్దుకోవాలి. తన దగ్గర నేను ఊరి కట్టుబాటు గొప్పదని వాదించలేను, వాదించను కూడా.

నాలాంటి మగవాడి విషయంలో ఆ వరం ఇంకోలా పనిచేస్తుంది. నన్నెవరూ గుర్తుపట్టని చోట "ఇంక చాలు, లే" అనేవాళ్ళు కూడా ఉండరు. బారులో వెయిటర్ అనడు, అతని టిప్పు నా నాలుగో పెగ్గులో ఉంది. ఊళ్ళో తాటిచెట్టు దిగిన యాత మామ తాటాకు దొన్నెలో పోస్తూ, "నీకింక నేదు బాబూ, ఇంటికెళ్ళు" అనడం చూశాను. అతనికి మా ఇల్లు తెలుసు కనక అనగలిగాడు. ఆ అమ్మాయిని ఊపిరాడనివ్వనిది ఏదో, ఒక మగవాణ్ణి సకాలంలో ఇంటికి పంపగలిగేదీ అదే. రెంటినీ విడదీసి, ఒకదాన్ని వదిలేసి ఇంకోదాన్ని నగరానికి తెచ్చుకోగలమా? నాకింకా తేలలేదు.

ఈలోగా, కుర్రాళ్ళు అడిగితే ధరలూ ఏసీలూ చెప్పడం తగ్గించాను. ఒక్కటే చెబుతున్నాను: ఇంటి నుంచి ఫోనొస్తే లేచి బయటికి పోనక్కర్లేని చోటు చూసుకోండ్రా అని. నవ్వుతారు. నవ్వరా మరి, తొమ్మిది దాటాక ఏ బారు మెట్ల దగ్గరైనా నిలబడి చూస్తే తెలుస్తుంది. ఒక్కొక్కడే ఫోన్ చెవికి ఆనించుకుని బయటికొస్తాడు. వెనక తలుపు మూసుకుని పాట ఆగేదాకా ఉండి, గొంతు సవరించుకుని అప్పుడు ఎత్తుతాడు. "ఆఁ, చెప్పమ్మా. ఆఫీసులోనే ఉన్నాను."