విద్యార్థి రచన: సాయానికి సరిహద్దు

ధర్పల్లి వంటి మండల కేంద్రం నుంచి డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయానికి వచ్చే విద్యార్థికి ఇంటి భాష ఒకటి, పరిశోధన వ్యాసం కోరే భాష మరొకటి. ఈ అంతరాన్ని దాటడానికి సాయం కోరడం దోషం కాదు. ఏ సాయం రచనను విద్యార్థిదిగానే నిలుపుతుందన్నదే ప్రశ్న.

యూజీసీ 2018 నిబంధనలు సిద్ధాంత గ్రంథంలో ఇతర రచనలతో సామ్యం 10 శాతం వరకు ఉంటే శిక్ష విధించవు. 60 శాతం మించితే నమోదును రద్దు చేయమంటాయి. డబ్బిచ్చి కొత్తగా రాయించుకున్న గ్రంథంలో సామ్యం కనిపించకపోవచ్చు. అపచారం మాత్రం సంపూర్ణం. కనుక శాతమొక్కటే నీతికి ప్రమాణం కాజాలదు.

భారత రచనలో నారాయణభట్టు తోడ్పాటును నన్నయ అవతారికలోనే ప్రకటించి, దానిని భారతయుద్ధంలో అర్జునునికి నారాయణుడు చేసిన సాయంతో పోల్చాడు. నారాయణుడు రథం నడిపాడు, విల్లు అందుకోలేదు. ఈ పోలిక నుంచి రెండు నియమాలను గ్రహించవచ్చు: సాయాన్ని దాచరాదు, పని చేతులు మారరాదు.

వాక్యదోషం చూపడం, ఆధారాల జాడ చెప్పడం, చదివి సందేహం అడగడం సారథ్యం. వాదాన్నీ వాక్యాన్నీ మరొకరు సమకూర్చడం విల్లందుకోవడం. ప్రతి వాక్యానికీ విద్యార్థి తానే కారణం చెప్పగలగడం గీటురాయి. అయితే సారథ్యం కల్పించవలసింది విద్యాసంస్థ. అది కల్పించని చోట విద్యార్థి దోషం తొలగదు గాని, అందులో సంస్థకూ భాగముంటుంది.