తెలిసినవాడి ధర్మం: ముసలి కుక్క గుండె గురించి

తన మృత్యువును ముందుగా లెక్కవేసుకోలేని ఒక ప్రాణి గుండెను, ఆ లెక్క తెలిసిన మరొక ప్రాణి అనుదినం గమనిస్తూ ఉండడం ధర్మాచరణమా, ప్రకృతి క్రమంలో కలుగజేసుకోవడమా అన్న ప్రశ్న పూర్వం ఇంత సూటిగా ఎదురయ్యే అవకాశం లేదు. ఇంట్లో పెరిగిన కుక్క ముసలిదై, ఒకనాడు తిండి మాని, ఏదో మూల పడుకొని కన్నుమూస్తే ఇంటివారు దాన్ని కాలధర్మంగా స్వీకరించేవారు. ఇప్పుడు లక్షణాలు బయటపడడానికి ఏళ్ల ముందే వ్యాధి స్టెతస్కోపుకు వినబడుతున్నది గనుక, అనుభవం ఒకరిదీ ఎరుక మరొకరిదీ అయిన విచిత్రస్థితి ఏర్పడింది. జబ్బు కుక్కది, దాని గతిని గురించిన జ్ఞానం మనిషిది. ఆ జ్ఞానం మనిషి మీద ఏ బాధ్యతను మోపుతుందన్నదే ఇక్కడ విచార్యం.

మనుషులలో గుండెజబ్బు అనగానే స్ఫురించే రక్తనాళాల పూడిక కుక్కలలో అరుదు. వయసు మళ్లిన కుక్కలలో, ముఖ్యంగా చిన్న జాతులలో, ఎక్కువగా కనబడేది ద్విపత్ర కవాటం చెడిపోవడం. గుండె ఎడమవైపున పై గదియైన కర్ణికకూ కింది గదియైన జఠరికకూ నడుమ రక్తాన్ని ఒకే దిశలో పోనిచ్చే ఈ కవాటం వయసుతో దళసరెక్కి, పూర్తిగా మూసుకోక, రక్తాన్ని కొంత వెనక్కి జారనిస్తుంది. అలా జారే రక్తం చేసే సవ్వడినే మర్మరధ్వని అంటారు, దాని తీవ్రతను 1 నుంచి 6 వరకు తరగతులుగా లెక్కిస్తారు. డాబర్‌మన్ వంటి పెద్ద జాతులలోనైతే గుండె కండరమే సడలి గదులు సాగిపోయే వ్యాధి ఎక్కువ. మర్మరధ్వని వినబడిన తర్వాత కూడా కుక్క ఎన్నో ఏళ్లు హాయిగా తిరగవచ్చు, కొన్నింటికి వ్యాధి ఎన్నటికీ ముదరకనే పోవచ్చు; ముదిరినప్పుడు మాత్రం ఊపిరితిత్తులలో నీరు చేరి, ఆయాసం, నడకలో త్వరగా అలసట, ఒక్కొక్కసారి మూర్ఛ కనబడతాయి. 2016లో వెలువడిన ఎపిక్ అనే అధ్యయనం, బయటికి ఏ బాధా లేకపోయినా కవాటవ్యాధి వల్ల గుండె పెరిగిన కుక్కలకు పిమోబెండాన్ అనే మందును ముందుగానే మొదలుపెడితే, గుండె వైఫల్యం సుమారు 15 నెలలు వెనక్కి జరుగుతుందని చూపింది. అంతకు ముందు కేవలం నిరీక్షణగా ఉన్న పరిశీలనకు దానితో ఒక ప్రయోజనం సమకూడింది. గుండె పెరిగిందో లేదో చెప్పేవి ఎక్స్‌రే, ధ్వనితరంగాలతో గుండె కదలికను చూపే ఎకోకార్డియోగ్రఫీ అయినా, ఇంట్లో చేయదగిన అత్యంత విశ్వసనీయమైన పరీక్షకు ఏ యంత్రమూ అక్కరలేదు. కుక్క గాఢనిద్రలో ఉండగా ఛాతీ పైకి లేచి దిగడాన్ని ఒక శ్వాసగా తీసుకొని నిమిషంపాటు లెక్కిస్తే చాలు. ఆ సంఖ్య సాధారణంగా 30కి లోపుగా ఉంటుంది. రోజూ తక్కువగా ఉండేది క్రమంగా పెరుగుతూ 30 దాటి నిలిచిపోతే, ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదన్న అనుమానంతో వెంటనే వైద్యుణ్ణి కలవాలి.

ఊపిరిని లెక్కించడమన్నది భారతీయ చింతనకు కొత్త విషయమేమీ కాదు. యోగసంప్రదాయం మనిషి ఒక అహోరాత్రంలో 21,600 సార్లు, అంటే నిమిషానికి 15 సార్లు, శ్వాసిస్తాడని లెక్కకట్టి, ఆ శ్వాసనే ప్రయత్నం లేకుండా సాగే జపంగా, అజపగా భావించింది. కణాదుని వైశేషిక సూత్రాలు ప్రాణాపానాలను, అంటే ఉచ్ఛ్వాస నిశ్శ్వాసాలను, రెప్పపాటునూ సుఖదుఃఖాలనూ ఇచ్ఛాద్వేషాలనూ కలిపి, కంటికి కనబడని ఆత్మ ఉన్నదని ఊహించడానికి తోడ్పడే గుర్తులుగా పేర్కొన్నాయి. ఈ గుర్తులలో కుక్కకు లేనిది ఒక్కటీ లేదు. కనుక నిద్రపోతున్న కుక్క పక్కన కూర్చొని దాని ఊపిరి లెక్కపెట్టేవాడు, తెలిసి చేసినా తెలియక చేసినా, లోపల సుఖదుఃఖాలను అనుభవించే ఒకరున్నారన్న విశ్వాసంతోనే ఆ పని చేస్తున్నాడు.

ఈ విశ్వాసం అందరిదీ కాదు. 1628లో విలియం హార్వీ రక్తప్రసరణను గురించిన తన గ్రంథాన్ని ప్రకటించినప్పుడు అందులోని నిరూపణలకు ఆధారమైనవి కుక్కలతో సహా అనేక జంతువుల మీద జరిపిన కోతలు. 1637లో రెనె డెకార్ట్ తన సుప్రసిద్ధ గ్రంథం అయిదవ భాగంలో గుండె కదలికను వివరిస్తూ, చదవబోయే ముందు ఊపిరితిత్తులున్న ఏదైనా పెద్ద జంతువు గుండెను కోయించి చూడవలసిందిగా పాఠకునికి సూచించి, అదే భాగంలో జంతువులను బుద్ధిలేని యంత్రాలతో పోల్చాడు. గుండెను గురించిన జ్ఞానమూ, జంతువుకు అంతరంగం లేదన్న వాదమూ ఆ విధంగా కొన్ని పుటల ఎడంలోనే నిలిచాయి. ఏ జాతి శరీరం మీద ఆ జ్ఞానం సంపాదించబడిందో ఆ జాతికే నేడు అది చికిత్సగా అందుతున్నప్పుడు, దాన్ని దయాదానం అనడంకన్నా చాలాకాలంగా మిగిలిపోయిన ఋణంలో కొంత తీర్చడం అనడమే న్యాయం.

కర్మసిద్ధాంతం నుంచి వచ్చే ఆక్షేపణ మరింత బలమైనది. పశుపక్ష్యాదుల జన్మ భోగయోని, అంటే కొత్త కర్మ చేసుకోవడానికి వీలులేక పాతకర్మ ఫలాన్ని అనుభవించి తీర్చుకోవలసిన జన్మ గనుక, ఆ అనుభవానికి మందులతో అడ్డుపడడం ఎందుకని కొందరు సందేహిస్తారు. అయితే మహాభారత ఆదిపర్వంలో, జనమేజయుని యాగభూమికి వెళ్లిన తన బిడ్డను అతని తమ్ముళ్లు కొడితే, దేవశునకమైన సరమ అది దాని ప్రారబ్ధమని సరిపెట్టుకోలేదు. నిరపరాధిని ఎందుకు కొట్టారని రాజును నిలదీసింది, ఆయన పక్షాన ఎవరూ బదులు చెప్పలేకపోయారు. బాధపడేవాని కర్మ ఏమైనా, ఎదుట ఉన్నవాని కర్తవ్యం దానివల్ల రద్దు కాదని ఆ ఘట్టం నుంచి గ్రహించవచ్చు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ల మీద నేటికీ ఉన్న అశోకుని రెండవ శాసనం మనుష్యచికిత్స, పశుచికిత్స అని రెండింటినీ జతగా చెప్పి, ఇద్దరికీ పనికివచ్చే ఓషధులు లేనిచోట తెప్పించి నాటించినట్టు ప్రకటించడమూ ఈ దృష్టికి దగ్గరగా ఉన్నది.

బాధ్యత పరిధిని నిర్ణయించడానికి మహాప్రస్థానిక పర్వం ఎక్కువగా ఉపకరిస్తుంది. హస్తినాపురం నుంచి వెంటవచ్చిన కుక్కను విడిచి రథమెక్కమని ఇంద్రుడు కోరినప్పుడు, దారిలో పడిపోయిన తమ్ముళ్లనూ ద్రౌపదినీ విడిచి వచ్చినవాడు కుక్కను విడవలేడా అన్న తర్కం కూడా యుధిష్ఠిరుని ముందుకు వచ్చింది. వారు బ్రతికి ఉండగా తాను విడవలేదనీ, మరణించినవారిని తిరిగి బ్రతికించడం తన వశంలో లేదనీ, ఆశ్రయించినదాన్ని ప్రాణంతో ఉండగా విడవడం మాత్రం మహాపాతకమనీ అతని సమాధానం. ఇందులో కరుణతోపాటు ఒక కచ్చితమైన హద్దు కూడా ఉన్నది: ఊపిరి ఉన్నంతవరకే విడవకూడదన్న నియమం వర్తిస్తుంది, మృత్యువును ఓడించే పూచీ ఎవరి మీదా లేదు. ముసలి కుక్కకు మందు వేళకు ఇవ్వడం, ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా వెళ్లగొట్టే ఫ్యూరోసెమైడ్ వాడుతున్నప్పుడు తాగేనీరు ఎల్లప్పుడూ అందేలా చూసి మూత్రపిండాల పరీక్షలు చేయించడం, అలసిన నడకను అక్కడితో ఆపడం ఆ హద్దు లోపలి పనులు. భయంతో గంటగంటకూ నిద్రలేపి చూడడం, సంఖ్య కాస్త పెరిగిందని దానికి ఇష్టమైన వీధి షికారు పూర్తిగా మాన్పించడం ఆ హద్దును దాటి, మనిషి తన మరణభయాన్ని కుక్క మీద మోపడమే అవుతుంది. రేపటి దిగులు లేని ప్రాణికి నేటి వాసనలూ నేటి ఎండా గొప్ప సంపద. వాటిని హరించి పొడిగించిన ఆయుష్షు ఎవరి కోసమో ఆలోచించవలసి ఉన్నది.

మందులు పనిచేయని దశ వచ్చినప్పుడు ఈ హద్దే అత్యంత కఠినమైన ప్రశ్నగా మారుతుంది. 1928లో సబర్మతి ఆశ్రమంలో కోలుకునే ఆశలేక విలవిలలాడుతున్న ఒక దూడకు గాంధీ సూదిమందుతో మరణం ఇప్పించినప్పుడు దేశమంతటా, ముఖ్యంగా జైనులలో, తీవ్రమైన నిరసన వచ్చింది. ప్రాణం పోయలేనివానికి తీసే హక్కు లేదని వారు, బాధను తొలగించే మరే ఉపాయమూ మిగలనప్పుడు అహింస దాన్ని అంతం చేయమనే చెబుతుందని ఆయన వాదించారు. రెండు వాదాలకూ శాస్త్రబలం ఉన్నది. నీరు నిండిన ఊపిరితిత్తులతో కుక్క ఊపిరాడక పెనుగులాడే చివరి గంటలను ప్రారబ్ధమని చూస్తూ కూర్చోవడం కంటే గాంధీ పక్షమే ధర్మానికి దగ్గరని చెప్పక తప్పదు. అయితే ఆయన వాదంలో ఒక షరతు ఉన్నది: ఆ నిర్ణయంలో చేసేవాని సౌకర్యం కలవకూడదు. నెలల తరబడి రాత్రిళ్లు మేలుకొని సేవచేసిన ఇంటివాని అలసట తనకు తెలియకుండానే కరుణ వేషం వేసుకోగలదు. అలాగే అతని మమకారం మందుల మీద మందులు పెంచుతూ బాధను పొడిగించగలదు. ఈ రెండింటికీ లొంగని సాక్ష్యంగా నిలిచేవి తేదీలవారీగా రాసిపెట్టిన నిద్రశ్వాసల సంఖ్యలు, తిన్న తిండి, తానుగా లేచి నడిచిన రోజుల వివరం. వాటిని, ఆ ఇంటి మమతతో సంబంధంలేని వైద్యుని చేతికిచ్చి, అర్ధరాత్రి గాబరాలో కాకుండా పగటివేళ అతనితో కలిసి నిర్ణయించుకోవడం కోసమే ఆ లెక్క మొదటినుంచీ అవసరం.