విభజన పట్టీ: అలంకారమా, అర్థమా?

వెబ్ పేజీలో ఒక విషయం ముగిసి మరొకటి మొదలయ్యే చోట అడ్డంగా పెట్టే సన్నని బొమ్మ విభజన పట్టీ. పూలతీగ కావచ్చు, ముత్యాల వరస కావచ్చు, రంగు మారుతూ పోయే గీత కావచ్చు. ఫొటోషాప్, గింప్ వంటి సాఫ్ట్‌వేర్ వచ్చినవారికి దాన్ని తయారు చేయడం పెద్ద పనేమీ కాదు. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలి, అసలు పెట్టాలా అన్నప్పుడు సౌందర్యశాస్త్రంలోని ఒక పాత ప్రశ్న ఎదురవుతుంది: అలంకారం కృతిలో భాగమా, లేక కృతి మీద తగిలించినదా?

తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1790లో వెలువడిన ‘క్రిటిక్ ఆఫ్ జడ్జ్‌మెంట్’లో ఈ ప్రశ్నను చర్చించాడు. శిల్పం మీది వస్త్రం, భవనం చుట్టూ నిలిపిన స్తంభాల వరస, చిత్రపటానికి కట్టిన చట్రం, ఇవన్నీ ఆయన లెక్కలో కృతికి బయటినుంచి చేరినవే. వాటి ఆకృతి అందంగా ఉంటే కృతిని చూసిన ఆనందం పెరుగుతుంది. బంగారు పూత చట్రంలా మెరుపుతో మెప్పించడానికే వచ్చినవైతే అసలు అందానికి చేటు చేస్తాయి. 1978లో మరో తత్వవేత్త జాక్ డెరిడా ఈ విభజననే నిలదీశాడు. భవనాన్ని మోసే స్తంభం భవనానికి బయటిది ఎలా అవుతుంది? లోపల ఏదో లోటు ఉంటేనే కదా, బయటిది వచ్చి అక్కడ నిలిచేది?

విభజన పట్టీ విషయంలో డెరిడాదే పైచేయి. చట్రం చిత్రం చుట్టూ ఉంటుంది, పట్టీ రచన నడుమ ఉంటుంది. దాన్ని తీసేస్తే రెండు భాగాలు అంటుకుపోతాయి, పాఠకుడు వాటిని ఒకే వాదనగా చదువుకుంటూ పోతాడు. తెలుగు కావ్యాల్లో ఆశ్వాసం చివర వచ్చే గద్యం ఇటువంటిదే. అందులో కవి తన పేరు, కావ్యం పేరు, ముగిసినది ఎన్నో ఆశ్వాసమో చెబుతాడు. కథను అది ఒక్క అడుగైనా ముందుకు నడపదు. అయినా ఆ గద్యాలను వదిలేసిన ముద్రణను సమగ్రం అనరు. అక్కడ హద్దు కూడా కావ్యంలో భాగమే.

అయితే అలంకారం తన చోటును వదిలి బతకలేదన్నది కూడా నిజం. అది పట్టీ తయారీలోనే కంటికి కనబడుతుంది. 600 పిక్సెళ్ల వెడల్పు, 12 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫైలులో తెల్ల నేపథ్యం మీద పూలతీగ గీసి, ఆ తెలుపును పారదర్శకం చేసి, జిఫ్‌గా భద్రపరిచారనుకుందాం. తెల్ల పేజీలో అది ముచ్చటగా ఉంటుంది. అదే పట్టీని ముదురు నీలం పేజీలో పెడితే ప్రతి ఆకు చుట్టూ పాలిపోయిన అంచు తేలుతుంది. జిఫ్‌లో పిక్సెల్ పూర్తిగా కనబడాలి, లేదా పూర్తిగా మాయం కావాలి. నడిమి స్థితి లేదు. అంచు నునుపుగా ఉండాలని సాఫ్ట్‌వేర్ ఆకుపచ్చలో తెలుపు కలిపిన పిక్సెళ్లు అలాగే మిగిలిపోతాయి. మొదటినుంచీ పారదర్శక పొర మీద గీసి 8 బిట్ల ఆల్ఫా ఉన్న పీఎన్‌జీగా ఎగుమతి చేస్తే పారదర్శకతకు 256 మెట్లు దొరుకుతాయి, ఆ అంచు రాదు.

రంగు చిక్కు అలా తీరినా ఔచిత్యం చిక్కు తీరదు. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో దీని గురించే హెచ్చరించాడు: మొలనూలు మెడలో వేసుకుని, హారం నడుముకు చుట్టుకుంటే నవ్వులపాలు కాక తప్పదు. తప్పు నగది కాదు, చోటుది. సంతాప సందేశం కింద మిలమిల మెరిసే యానిమేషన్ పట్టీ పెట్టడం అటువంటిదే, అది ఎంత నేర్పుగా గీసినదైనా సరే. అంతకు రెండు శతాబ్దాల ముందు ఆలంకారికుడు ఆనందవర్ధనుడు మరింత కఠినమైన షరతు పెట్టాడు. రసమే ప్రధానమైన కావ్యంలో అలంకారం విడిగా ప్రయత్నం చేయకుండానే రావాలన్నాడు. అందమైన పట్టీ దొరికింది కదా అని దాని కోసం పేజీని ముక్కలు చేయడం ఆ షరతుకు పూర్తిగా విరుద్ధం.

పండితులు వాదించుకున్న ఈ ప్రశ్నకు వెబ్‌లో జవాబు చెప్పక తప్పదు. చూపు లేనివారు తెరపాఠకం (స్క్రీన్ రీడర్) సాయంతో పేజీని వింటారు. బొమ్మకు ‘ఆల్ట్’ వివరణ రాయకపోతే కొన్ని తెరపాఠకాలు ఫైలు పేరునే చదివి వినిపిస్తాయి. అర్థం లేని అక్షరాల గొలుసు వాక్యానికి అడ్డుపడుతుంది. వివరణను ఉద్దేశపూర్వకంగా ఖాళీగా ఉంచితే బొమ్మను దాటిపోతాయి. కేవలం అలంకారమైన బొమ్మకు అలా చేయమనే ప్రాప్యతా ప్రమాణాలు చెబుతాయి. అంటే ఖాళీ ఆల్ట్ రాసినవారు ‘ఇందులో అర్థం లేదు’ అని తీర్పు ఇచ్చినట్టే. పట్టీ దగ్గర విషయం నిజంగా మారుతుంటే ఆ తీర్పు తప్పు. చూసేవారికి దొరికిన విరామం వినేవారికి అందదు.

దీనికి మందు హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంది. హెచ్‌టీఎంఎల్ 5 ప్రకారం ‘హెచ్ఆర్’ ట్యాగ్ విషయం మారిందని చెప్పే గుర్తు. విషయం మారే చోట ఆ ట్యాగ్ పెట్టి, గీసుకున్న పూలతీగను సీఎస్ఎస్‌లో దానికి నేపథ్య చిత్రంగా ఇవ్వాలి. అప్పుడు కంటికి తీగ కనిపిస్తుంది, చాలా తెరపాఠకాలు అక్కడ ఒక విభజన ఉందని చెబుతాయి. విషయం మారని చోట ట్యాగూ వద్దు, తీగా వద్దు.