అమ్మినవాడు వెళ్ళిపోయాక

ఉప్పునీటిని తాగేనీరుగా మార్చే విద్య ఒక దేశం దగ్గరుంది. దాహం ఇంకో దేశం దగ్గరుంది. ఈ రెంటినీ కలిపే కంపెనీని బయటి మార్కెట్లకి పంపడం, అందుకు ప్రభుత్వాలు సాయం చేయడం మంచిపనే కదా? నేనూ అవుననే అంటాను. నీళ్ళు అమ్ముకోవడమే పాపం అనే వాదన నాకెప్పుడూ పూర్తిగా ఎక్కలేదు. పంపులు, మెంబ్రేన్లు, కరెంటు ఊరికే రావు. నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది: అమ్మినవాడు వెళ్ళిపోయే రోజున కొన్నవాడి గతేంటి?

సింగపూర్ సంగతి చూడండి. నీళ్ళకి మలేషియాలోని జొహోర్ మీద ఆధారపడ్డ దేశం, ఆ బెంగనే పరిశ్రమగా మార్చుకుంది. 2003లో వాడిన నీటిని శుద్ధిచేసి నీవాటర్ పేరుతో సరఫరా మొదలుపెట్టింది. 2005లో మొదటి డీశాలినేషన్ ప్లాంటు వచ్చింది. 2006లో నీటి రంగాన్ని ఎదగాల్సిన పరిశ్రమగా ఎంచుకుని, పరిశోధనకి ప్రభుత్వమే డబ్బు పెట్టింది. 2008 నుంచి అంతర్జాతీయ నీటి వారోత్సవాలు జరుపుతోంది. ఇంట్లో కట్టిన ప్లాంటే బయటివాళ్ళకి చూపించుకునే నమూనా అయింది.

హైఫ్లక్స్ అలా ఎదిగిన కంపెనీ. 1989లో ఒలీవియా లమ్ చిన్నగా మొదలుపెట్టారు. చైనా వెళ్ళింది, అల్జీరియా వెళ్ళింది. అక్కడి మగ్తా ప్లాంటు సామర్థ్యం రోజుకి 5 లక్షల ఘనపు మీటర్లు. తీరా 2018 మేలో ఆ కంపెనీయే అప్పులు మోయలేక కోర్టు రక్షణ కోరింది. సింగపూర్‌లో తువాస్‌స్ప్రింగ్ డీశాలినేషన్ ప్లాంటుకి జతగా కట్టిన విద్యుత్ కేంద్రం, కరెంటు ధరలు పడిపోవడంతో నష్టాల్లో కూరుకుపోయింది. దాచుకున్న డబ్బు పెట్టిన వేలమంది మామూలు మనుషులు మునిగారు.

కుళాయిల్లో నీళ్ళు మాత్రం ఆగలేదు. 2019 మేలో ప్రభుత్వ నీటి సంస్థ పీయూబీ ఒప్పందాన్ని రద్దుచేసి, డీశాలినేషన్ ప్లాంటుని తన చేతుల్లోకి తీసుకుంది. చెల్లించిన ధర సున్నా డాలర్లు. ఇలాంటి రోజు రావచ్చని ఒప్పందంలో ముందే రాసుకుంది మరి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన ఏర్పాటే. చిన్న కంపెనీ దగ్గర కీలకమైన సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు, పెద్ద బ్యాంకులు సోర్స్ కోడ్‌ని మూడో మనిషి దగ్గర దాచమంటాయి. దాన్ని ఎస్క్రో అంటాం. కంపెనీ మూతపడితే కోడ్ కొన్నవాళ్ళకి వస్తుంది. అయితే ఈ షరతు అడగాలంటే లాయర్లుండాలి, అడిగితే కాదనలేనంత పెద్ద ఖాతాదారు అయ్యుండాలి. మా సందులో కిరాణా కొట్టు నడిపే ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటే ఆయనకి ఎస్క్రో ఎవరిస్తారు?

నీళ్ళ దగ్గర ఈ తేడా ప్రాణాల మీదకొస్తుంది. యాప్ పోతే ఇంకో యాప్ చూసుకుంటాం. ప్లాంటు వచ్చాక ఊరు పాత బావిని పట్టించుకోవడం మానేస్తుంది, చెరువు పూడిపోతుంది. కొన్నేళ్ళకి ప్లాంటు ఆగితే వెనక్కి వెళ్ళడానికి పాత దారి కూడా మిగలదు. కంపెనీకి ఆ మార్కెట్ వదిలేసే హక్కుంటుంది. ఊరికి దాహాన్ని వదిలేసే హక్కు లేదు.

ఇన్ని షరతులు పెడితే ధర పెరిగి, చిన్న కంపెనీలు అసలు రావనీ, అప్పుడు ఆ కాస్త నీళ్ళూ ఉండవనీ అంటారు. తీసిపారేసే మాట కాదిది. ప్లాంటుని సున్నాకి అప్పగించమని ప్రతి పంచాయితీ అడగలేదు కూడా. కానీ ఖర్చు లేని పనులు చాలానే ఉన్నాయి. 8 అంగుళాల మెంబ్రేన్లు చాలా కంపెనీలు ఒకే కొలతలో చేస్తాయి. తమదొక్కటే పట్టేలా బిగించకుండా ఆ కొలతకే కట్టొచ్చు. కంట్రోల్ ప్యానెల్ పాస్‌వర్డ్ కొన్నవాళ్ళకి ఇవ్వొచ్చు. మాన్యువల్ ఆపరేటర్ చదవగలిగే భాషలో రాయొచ్చు. ఊళ్ళో ఇద్దరికి రిపేరు నేర్పొచ్చు. ఇవేవీ ఇవ్వకపోవడానికి చాలాసార్లు కారణం ఖర్చు కాదు, కొన్నవాడు మళ్ళీ తన దగ్గరికే రావాలన్న లెక్క.

తన ఇంటికి ఒక రక్షణ అవసరమని తెలిసినవాడికి, అది పక్కింటికీ అవసరమని తెలియదనుకోలేం. కంపెనీలని సరిహద్దు దాటించడానికి ప్రభుత్వాలు గ్రాంట్లిస్తాయి, ప్రదర్శనలు పెడతాయి, పరిచయాలు చేస్తాయి. ఆ దరఖాస్తులోనే ఒక ప్రశ్న చేర్చడం కష్టమేం కాదు: రేపు మీరు లేకపోతే ఈ ఊరు నీళ్ళెలా తాగుతుంది? జవాబు రాయలేని కంపెనీకి ఇంకా బయటికెళ్ళే వయసు రాలేదనే నేననుకుంటాను.