తగ్గినా తెలిసే స్వరం

వాక్య పఠనం: 1 కొరింథీయులకు 14:7–12

కొత్త బేస్ గిటార్ చేతికి రాగానే వేళ్లు తీగల మీదికి ఉరుకుతాయి. కానీ ముందు కాస్త తీరిక చేసుకుని దాని నాబ్‌లతో పరిచయం పెంచుకోవాలి. ఫెండర్ కంపెనీ వారు 1960లో తెచ్చిన జాజ్ బేస్ తరహా గిటార్లు మన చర్చిల్లోనూ కనిపిస్తాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న వాటికి సాధారణంగా మూడు నాబ్‌లుంటాయి: తీగల కంపనాన్ని పట్టుకునే రెండు పికప్‌లకు రెండు వాల్యూమ్‌లు, చివరిది టోన్. మెడవైపు పికప్ నిండుగా పలుకుతుంది. బ్రిడ్జి వైపుది బిగువుగా, ముక్కుతో పాడినట్టు పలుకుతుంది. రెండూ పూర్తిగా తెరిస్తే గుయ్‌మనే హమ్ అణిగిపోతుంది. ఒకదాన్ని కొద్దిగా తగ్గించి చూడండి, మధ్య స్థాయి ధ్వని ముందుకొస్తుంది, దాని వెంటే సన్నగా హమ్ కూడా.

టోన్ నాబ్ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాలి. బ్యాటరీతో పనిచేసే గిటార్లలో ధ్వనిని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బ్యాటరీ లేని దానిలో ఆ నాబ్ దేన్నీ కలపదు, తీసివేయడమే దాని పని. వెనక్కి తిప్పేకొద్దీ పై స్థాయి ధ్వని లోపలున్న చిన్న కెపాసిటర్ గుండా గ్రౌండ్‌లోకి జారిపోతుంది. పూర్తిగా తెరిచి ఉంచితే తీగ మీద వేలి రాపిడి, ఫ్రెట్‌కు తగిలే టిక్కు కూడా వినిపిస్తాయి. సగానికి తెస్తే టిక్కు పోయి స్వరం మిగులుతుంది. ఇంకా మూసుకుంటూ పోతే ఆ స్వరమూ మసకబారుతుంది.

తగ్గించుకోవడం అంటే పూర్తిగా మూసుకోవడమే అని మనలో చాలామంది అనుకుంటాం. సంఘంలో మాట్లాడవలసిన చోట నోరు మెదపం, తెలిసిన సత్యాన్ని నాన్చి చెబుతాం, దానికి వినయం అని పేరు పెట్టుకుంటాం. తాను తగ్గాలని చెప్పిన బాప్తిస్మమిచ్చు యోహానును చూడండి (యోహాను 3:30). ఆయన మాటలో మసక ఎక్కడుంది? యేసు నడిచి వెళ్తుంటే చూసి, ఆయనే దేవుని గొఱ్ఱెపిల్ల అని చెప్పాడు. ఆ మాట విని యోహాను శిష్యులిద్దరు యేసు వెంట వెళ్లారు. యోహాను వాళ్లను ఆపలేదు. తన చుట్టూ ఉన్న గుంపు తగ్గింది గానీ, చెప్పిన మాట స్పష్టత తగ్గలేదు.

పౌలు కొరింథు సంఘానికి వాయిద్యాల ఉదాహరణ చెప్పింది కూడా ఈ స్పష్టత కోసమే. పిల్లనగ్రోవి గానీ వీణ గానీ స్వరభేదం తెలియకుండా మోగితే వినేవాడికి ఏం అందుతుంది? బూర అస్పష్టంగా ఊదితే యుద్ధానికి ఎవరు సిద్ధపడతారు? వరం ఎంత గొప్పదైనా పక్కవాడికి అర్థమై అతనికి క్షేమాభివృద్ధి కలిగించాలి, అదే పౌలు పెట్టిన కొలత.

బేస్‌కూ అదే కొలత. గదిలో ఒంటరిగా వాయించుకున్నప్పుడు ముద్దొచ్చిన ధ్వని ఆరాధనలో అలాగే ఉండదు. కాంక్రీటు గోడల మధ్య కింది స్వరాలు మారుమోగుతాయి. తబలా డగ్గా, కీబోర్డు వాయించేవారి ఎడమచెయ్యి ఆ చోటునే ఆక్రమిస్తాయి. బేస్ నాలుగో తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ లోతును చిన్న స్పీకర్లు సరిగ్గా మోయలేవు, దాని పైన పలికే సన్నని పొరల వల్లే చెవి స్వరాన్ని గుర్తుపడుతుంది. అందుకే గిటార్ తోటివారి చేతికిచ్చి, వెనక బెంచీ దాకా నడిచి వెళ్లి వినాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. టోన్ ఎంత ఉండాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ పూట ఆ హాలులో పాడుతున్నవారిని విని తేల్చుకోవలసిందే.

ప్రార్థన: ప్రభువా, మా మాటల్లో మమ్మల్ని చూపించుకునే చప్పుడును తీసివేయి. నీవు చెప్పమన్నది మాత్రం మసకబారనివ్వకు. ఈ రోజు మా మాట కోసం కనిపెట్టుకుని ఉన్నవారికి అది తేటగా అందనివ్వు. ఆమేన్.