స్మృతి ఎవరి అధీనము?

అంత్యకాలమున తనను స్మరించుచు దేహమును విడుచువాడు తననే చేరునని గీతాచార్యుని బోధ. ఈ మాట ఆస్తికునకు ఎంత ఊరటయో అంత భయమును కలిగించును. ఆ వేళకు స్మృతి నిలుచునా? వేములలో గాని మరి యే గ్రామమున గాని, జీవితమంతయు నామజపము చేసిన అవ్వ వార్ధక్యమున కన్నకొడుకునే గుర్తింపలేకుండుట కలదు. "అవ్వా, ఒక్కసారి గోవిందా అను" అని మనుమడు బ్రతిమాలినను ఆమె శూన్యముగా చూచును. ఆమె చేసిన భక్తి యేమైనట్లు?

స్మృతి దేహము నాశ్రయించి యున్నదని నేటి శాస్త్రము స్పష్టముగా చూపినది. ఆ చరిత్రలో ఒక ఆంధ్రుని పేరును తలచుకొనవలసియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులుగా నుండిరి. అచ్చట ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. రోగకారక సూక్ష్మజీవులలో మాంసకృత్తులు తయారుకాకుండ అడ్డగించుటయే దాని పని. సుబ్బారావుగారు ఆ యేడే పరమపదించిరి. 1952లో ఆ పరిశోధనశాల నుండియే ప్యూరోమైసిన్ వెలువడినది. అది జంతువుల కణములలో కూడ మాంసకృత్తుల నిర్మాణమును ఆపును. అందువలన అది జ్ఞాపకశక్తిని పరీక్షించు సాధనమైనది.

1963లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఫ్లెక్స్‌నర్ దంపతులును స్టెల్లారును చిట్టెలుకలకు రెండుగా చీలిన దారిలో సరియైన వైపు తిరుగుట నేర్పిరి. పిమ్మట మెదడులో ప్యూరోమైసిన్ ఎక్కింపగా అవి నేర్చినదానిని మరచినవి. మిచిగన్ విశ్వవిద్యాలయమున ఆగ్రనాఫ్ 1964 మొదలు బంగారు చేపలపై ప్రయోగములు చేసెను. శిక్షణ ముగిసిన వెంటనే మందిచ్చినచో చేపకు పాఠము నిలువలేదు. ఒక గంట గడచిన పిదప ఇచ్చినచో నిలిచినది. అనగా నేర్చుట వేరు, నేర్చినది స్థిరపడుట వేరు. పచ్చిగోడ ఆరుటకు వ్యవధి కావలసినట్లు, స్మృతి గట్టిపడుటకును కొంత కాలము, కొంత దేహవ్యాపారము కావలెను. ఆ మూగజీవులు ఈ పరీక్షలలో బాధ ననుభవించినవి. వాని వలన లభించిన జ్ఞానమును అనుభవించువారు ఆ ఋణమును మరువరాదు.

ఇంతవరకు చూచినచో దేహమే సర్వమని తోచును. కాని కథ అచ్చట ముగియలేదు. 1967లో ఫ్లెక్స్‌నర్ దంపతులు మరచిన ఎలుకల మెదడులో వట్టి ఉప్పునీటిని ఎక్కింపగా, పోయినదనుకొన్న జ్ఞాపకము తిరిగి వచ్చినది. 2015లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన టొనెగావా బృందము మరియొక వింతను గాంచెను. అనిసోమైసిన్ అను మందుచే మరచిన ఎలుకలలో, నేర్చినపుడు పనిచేసిన కణములనే వెలుతురుతో మేల్కొల్పగా మరపు తొలగినది. ఆ ఎలుకలలో జాడ నశింపలేదు; దానిని చేరు దారి మాత్రమే మూతపడినది.

వేంపల్లె సమీపమున పాపఘ్నీ తీరమందలి గండి క్షేత్రమున వీరాంజనేయుని సేవించువారికి ఇది క్రొత్త మాట కాదు. ఋషుల శాపముచే హనుమంతుడు తన బలమును మరచెను. బలము పోలేదు, దాని స్మృతియే కప్పబడినది. సముద్రతీరమున జాంబవంతుడు గుర్తుచేయగా ఆ మహావీరుడు పెరిగి నిలిచెను. భగవద్రామానుజుల సిద్ధాంతమును ఇట్లే యున్నది. ఆత్మ జ్ఞానస్వరూపము, దాని ధర్మమైన జ్ఞానము కర్మవశమున సంకోచవికాసములను పొందును. కుండలోనున్న దీపపు వెలుగు బయటికి ప్రసరింపనంతమాత్రమున దీపము ఆరినదనరాదు.

అట్లని ప్రయోగశాల ఆత్మను నిరూపించినదనుటయు తగదు. మందుచే కలిగిన మరపు వేరు, వార్ధక్యమున మెదడు కణములే క్షీణించు వ్యాధి వేరు. ఆ వ్యాధిలో జాడయే చెరిగిపోవచ్చును. అపుడు ఆ అవ్వకు దిక్కెవరు?

దీనికి సమాధానము వరాహ చరమశ్లోకమున కలదు. దేహము స్వస్థముగా నున్నపుడు తనను తలచినవాడు, కడపట కట్టెవలె, రాయివలె పడియుండి తలపలేకపోయినను, తానే వానిని తలచి పరమగతికి చేర్తునని ఆదివరాహమూర్తి భూదేవికి మాట యిచ్చెను. పెరియాళ్వారు శ్రీరంగనాథునితో, ఆ వేళ తలపలేకపోవచ్చును గనుక ఇప్పుడే చెప్పి యుంచితినని విన్నవించుకొనెను. తిరుమలలో పుష్కరిణీ తీరమున ముందుగా వరాహస్వామిని దర్శించి శ్రీనివాసుని సేవింపబోవు యాత్రికుడు, ఈ మాట యిచ్చిన స్వామి యెదుటనే నిలుచుచున్నాడు.

కావున స్మృతి రెండు విధములు. జీవుని స్మృతి మాంసకృత్తులకు, కణములకు, కాలమునకు లోబడినది. భగవంతుని స్మృతి దేనికిని లోబడినది కాదు. మొదటిది మిగిలియున్నంత కాలము దానిని సద్వినియోగము చేసికొనుట నరుని ధర్మము. అది సడలిన పిమ్మట రెండవది కాపాడును. మరచిన పెద్దలను విసుగుకొనక, వారి చెంత కూర్చుండి నామము వినిపించుట ఇంటివారి ధర్మము. అవ్వ గోవిందా అనలేదని మనుమడు దుఃఖింపనక్కరలేదు. ఆమె బదులు అతడు అనవచ్చును. ఆమె యెన్నడో అన్నది గోవిందునకు గుర్తున్నది.